కాట్లియా మన బాల్కనీలో: బ్రెజిల్ ఆర్కిడ్లను పెంచడం, గుర్తుపట్టడం

ఆర్కిడ్ కొనేవాళ్లలో ఎక్కువ మంది పువ్వు ఫోటో చూసి కొంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాట్లియా లాబియాటా అని లేబుల్ ఉన్న చిన్న మొక్కను తెచ్చి, మూడేళ్లు సాకి, మొగ్గ వేసిన రోజున ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. విచ్చుకున్నాక చూస్తే అది లాబియాటా కాదు, ఏదో హైబ్రిడ్. పువ్వు బాగానే ఉంది. కానీ మూడేళ్లుగా చేతులారా పెంచిన మొక్క ఏమిటో నాకే తెలియలేదన్నది చాలా బాధపెట్టింది. ఆ తర్వాతే మొక్క ఒళ్లు చూడటం నేర్చుకున్నాను. బల్బ్ (నీళ్లు దాచుకునే ఉబ్బిన కాండం) ఎంత పొడుగు, దాని మీద ఆకు ఒకటా రెండా, పువ్వు ఎక్కడి నుంచి వస్తోంది. ఇవి తెలిస్తే అది బ్రెజిల్‌లో ఏ ప్రాంతపు మొక్కో తెలుస్తుంది. ప్రాంతం తెలిస్తే నీళ్లు ఎప్పుడు పోయాలో, ఎప్పుడు మానాలో తెలుస్తుంది. అందుకే ఇక్కడ పెంచడాన్నీ గుర్తుపట్టడాన్నీ కలిపే చెబుతున్నాను.

మొదటి పని: మొక్క సొంత ఊరు తెలుసుకోండి

బ్రెజిల్‌లో సుమారు 2,500 జాతుల ఆర్కిడ్లు ఉన్నాయి. బ్రెజిల్ అనగానే అమెజాన్ అడవి, రోజూ వాన గుర్తొచ్చి, చాలామంది రోజూ నీళ్లు పోసి వేర్లు కుళ్లబెడతారు. మనం ఇళ్లలో పెంచే కాట్లియాల్లో ఎక్కువ భాగం అమెజాన్‌వి కావు. కొన్ని తూర్పు తీరం పొడుగునా ఉన్న అట్లాంటిక్ అడవివి, కొన్ని దేశం మధ్యలో సెరాడో అనే గడ్డి, పొట్టి చెట్ల మైదానాలవి.

లాబియాటా ఈశాన్యానిది. పెర్నాంబుకో, పరాయిబా, సియారా రాష్ట్రాల్లో చుట్టూ ఎండిన నేల, మధ్యలో తేమగా ఉండే కొండలు. ఆ కొండల మీది చెట్లే దీని ఇల్లు. విలియం స్వెయిన్సన్ పెర్నాంబుకో నుంచి ఇంగ్లండ్‌కు పంపిన మొక్కల్లో ఇది ఉంది. విలియం కాట్లీ అనే ఆయన దాన్ని పెంచి పూయించాడు. వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లీ 1821లో ఆయన పేరు మీదే కాట్లియా అని పేరు పెట్టాడు. ఆ మొక్క పెరిగే అసలు చోటు ఐరోపా వాళ్లకు మళ్లీ దొరకడానికి ఆ శతాబ్దం చివరిదాకా పట్టింది. వేరే మొక్కలకు ప్యాకింగ్‌గా చుట్టి పంపిన చెత్తలో ఇది దొరికిందనే కథ మీకు చాలా చోట్ల కనిపిస్తుంది. స్వెయిన్సన్ మొక్కలూ జంతువులూ సేకరించే పని మీదే అక్కడికి వెళ్లినవాడు కాబట్టి ఆ కథను నేను నమ్మను.

కాట్లియాల్లోనే వాకెరియానా, నోబిలియర్ అనే జాతులు సెరాడో మొక్కలు. మినాస్ జెరాయిస్, గోయాస్ లాంటి చోట్ల నదుల ఒడ్డున చెట్ల బెరడు మీద, ఎండ కాసే బండల మీద కూడా అతుక్కుని ఉంటాయి. అక్కడ చలికాలమంతా వాన ఉండదు, తెల్లవారుజామున మంచు మాత్రం పడుతుంది. పర్పురాటా, ఇంటర్మీడియా దక్షిణ తీరానివి. పర్పురాటా శాంటా కాటరీనా రాష్ట్ర పుష్పం. అక్లాండియే బహియా తీరపు వేడిలో పెరిగే చిన్న మొక్క. ఎర్రగా మెరిసే కాక్సీనియా సెర్రా దో మార్ కొండల్లో, మబ్బులూ చల్లగాలీ ఉండే ఎత్తుల్లో పెరుగుతుంది.

హైదరాబాద్, విజయవాడ, కర్నూలు ఎండల్లో కాక్సీనియా జోలికి పోకండి. ఫోటోలో ఎంత ముద్దొచ్చినా ఒక్క వేసవి దాటదు. అరకు, లంబసింగి లాంటి చల్లటి చోట ఉండేవాళ్లయితే ప్రయత్నించవచ్చు. మైదానాల్లో మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది నోబిలియర్, అక్లాండియే, లోడిజెసి, లాబియాటా. వీటిలో లోడిజెసి చిన్న పొరపాట్లను బాగా ఓర్చుకుంటుంది.

కొనేటప్పుడు: పువ్వు లేకుండానే ఏం తెలుస్తుంది?

కాట్లియా బల్బులు ఒకదాని పక్కన ఒకటి, ఒక తీగ వేరు మీద వరసగా వస్తాయి. ముందు ఆకులు లెక్కపెట్టండి. ఒక్కో బల్బ్ మీద ఒకే ఆకు ఉంటే లాబియాటా, వార్నెరి, పర్పురాటా వైపు ఆలోచించాలి. రెండు ఆకులుంటే ఇంటర్మీడియా, లోడిజెసి, అక్లాండియే, నోబిలియర్, గుటాటా, బైకలర్ లాంటివి. వాకెరియానాకు మామూలుగా ఒకటే ఆకు, అప్పుడప్పుడు రెండు.

తర్వాత బల్బ్ ఆకారం. పర్పురాటా బల్బ్ పొడుగ్గా, మధ్యలో ఉబ్బి, రెండు కొసలా సన్నబడి ఉంటుంది. మొక్క మొత్తం మోకాలి ఎత్తుకు రావచ్చు. వాకెరియానా బల్బ్ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. గుటాటా, బైకలర్ బల్బులు చెరుకు ముక్కల్లా నిటారుగా పెరుగుతాయి. 'వాకెరియానా' అని అమ్ముతున్న మొక్కకు జానెడు పొడుగు సన్నటి బల్బులుంటే అది శుద్ధమైన వాకెరియానా కాకపోవచ్చు. దానికీ లోడిజెసికీ సహజంగా పుట్టిన సంకరం డోలోసా అని ఒకటి ఉంది. వాకెరియానా, డోలోసా పేర్లు తరచుగా కలిసిపోతాయి.

లేబుల్ మీది పేరు చూసి కంగారు పడకండి. లేలియా పర్పురాటా, సోఫ్రోనైటిస్ పర్పురాటా, కాట్లియా పర్పురాటా అన్నీ ఒకే మొక్క. శాస్త్రవేత్తలు లేలియా అనే ప్రజాతిలోని బ్రెజిల్ మొక్కలను 2000లో సోఫ్రోనైటిస్ అనే ప్రజాతిలోకి, 2008లో కాట్లియాలోకి మార్చారు. పాత పెంపకందారులు ఇప్పటికీ లేలియా అనే రాస్తారు. ఇది మోసం కాదు, అలవాటు.

అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కను ఎవరైనా తక్కువ ధరకు ఇస్తానంటే తీసుకోకండి. ఆర్కిడ్లన్నీ సైటీస్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందకు వస్తాయి. బ్రెజిల్ కాట్లియాల్లో జోంఘియానా, లోబాటా అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో ఉన్నాయి. విదేశం నుంచి తెప్పించుకుంటే అనుమతి పత్రం, మొక్కకు తెగుళ్లు లేవనే ధ్రువపత్రం రెండూ కావాలి. మన దేశంలోనే విత్తనం నుంచి, టిష్యూ కల్చర్ నుంచి పెంచిన మొక్కలు దొరుకుతున్నాయి. ఆ మొక్కలు మన వాతావరణానికి ముందే అలవాటు పడి ఉంటాయి కూడా.

కుండీలో ఏం వేయాలి?

మట్టి వద్దు. ఎరువు కలిపిన మట్టి అసలే వద్దు. ఇవి చెట్ల మీద బతికే మొక్కలు. అయితే మన మామిడి చెట్ల మీది బదనికలా చెట్టు రసం తాగవు, బెరడును పట్టుకుని గాలిలోని తేమతో, వాన నీటితో బతుకుతాయి. వేరుకు గాలి తగలడమే వీటికి ప్రాణం.

పక్కల చిల్లులున్న మట్టి కుండీ తీసుకోండి. అడుగున పెంకులు, పైన బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు చెరి సగం. ముక్క రేగుపండంత ఉంటే చాలు. గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమ వాళ్లు దీనికి పైన్ బెరడు కొంచెం కలుపుకోండి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో బొగ్గూ ఇటుకా చాలు. కొబ్బరి డొక్క ముక్కలు వాడితే రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టండి. వాటిలోని ఉప్పు పోకపోతే వేరు కొసలు నల్లబడతాయి. కుండీ చిన్నదిగానే ఉండాలి. ఇంకో రెండు బల్బులు రావడానికి చోటుంటే సరిపోతుంది.

బ్రెజిల్‌లో ఒకప్పుడు అందరూ షషిం వాడేవాళ్లు. అది డిక్సోనియా సెల్లోవియానా అనే చెట్టు ఫెర్న్ కాండం నుంచి తీసిన పీచు. ఆ చెట్టు అంతరించే దశకు రావడంతో అడవి నుంచి తీయడాన్ని అక్కడి చట్టం ఆపేసింది. ఇప్పుడు అక్కడా బెరడు, బొగ్గు, కొబ్బరి పీచుతోనే పెంచుతున్నారు.

వాకెరియానా, నోబిలియర్, అక్లాండియేలను కుండీలో కన్నా చెక్కకు కట్టడం మంచిది. గరుకు బెరడున్న టేకు ముక్కో, మామిడి కొమ్మో సరిపోతుంది. మొక్కను కదలకుండా పాత నైలాన్ సాక్స్ పీలికతో కట్టండి. కదిలితే కొత్త వేరు కొస నలిగి ఆగిపోతుంది. వేర్లు చెక్కను పట్టాక కట్టు విప్పేయవచ్చు.

వెలుతురు, నీళ్లు

వెలుతురు సరిపోయిందో లేదో ఆకే చెబుతుంది. లేత పచ్చగా, కొంచెం పసుపు ఛాయలో, గట్టిగా ఉంటే బాగుంది. ముదురు పచ్చగా, మెత్తగా వాలితే వెలుతురు చాలలేదు. అలాంటి మొక్క పెరుగుతుంది గానీ పూయదు. మధ్యాహ్నం ఆకుకు అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ అంచులు కాస్త మసగ్గా పడితే సరైన వెలుతురు. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ నేరుగా పడినా ఫరవాలేదు. పడమర, డాబా అయితే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని 75 శాతానికి మార్చి, ఆకును చేత్తో తాకి చూడండి. ఆకు కాలుతున్నట్టుంటే మొక్కను వెంటనే లోపలికి జరపండి.

నీళ్లకు లెక్క రోజుల్లో కాదు, వేరు రంగులో ఉంది. ఎండిన వేరు వెండిలా తెల్లగా ఉంటుంది, తడిస్తే పచ్చబడుతుంది. తెల్లబడ్డాక కుండీ అడుగు నుంచి కారేదాకా పోయండి, మళ్లీ తెల్లబడేదాకా ఆగండి. వేసవిలో చెక్క మీది మొక్కకు రోజూ ఉదయం కావాలి. కుండీలోదానికి రెండు రోజులకోసారి చాలు. చలికాలంలో వారానికోసారి కూడా చాలవచ్చు. సెరాడో మొక్కలకు చలికాలంలో ఇంకా తగ్గించి, ఉదయం పూట వేర్ల మీద నీటి తుంపర కొట్టండి. వాటి సొంత ఊళ్లో మంచు చేసే పనిని మీరు చేస్తున్నట్టు.

మన బోరు నీళ్లతోనే పెద్ద చిక్కు. ఆకుల మీద తెల్ల మచ్చలు, కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే ఉప్పు పేరుతోందని అర్థం. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకోండి. అది కుదరకపోతే ఆర్‌ఓ నీళ్లు వాడండి. ఎరువు కొత్త మొలక పెరిగే కాలంలోనే ఇవ్వాలి. 19-19-19 నీటిలో కరిగే ఎరువు లీటరుకు అర గ్రాము, వారానికోసారి. నెలకోసారి ఎరువు లేని నీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి.

పూత కాలం తిరగబడుతుంది

ఇది చాలా పుస్తకాల్లో ఉండదు, అందుకే తికమక. బ్రెజిల్‌లో చాలా భాగం భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి వాళ్ల కాలాలు మనకు తలకిందులు. అక్కడ మార్చి, ఏప్రిల్‌లో పూసే లాబియాటా మనకు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో పూస్తుంది. అక్కడ నవంబర్, డిసెంబర్‌లో పూసే పర్పురాటాకు మన దగ్గర మే, జూన్. ఇంటర్మీడియా, నోబిలియర్ మనకు వేసవి మొదట్లో పూస్తాయి, వాకెరియానా చలికాలంలో. బ్రెజిల్ నుంచి నేరుగా వచ్చిన మొక్క మొదటి ఏడాది కాలం తెలియక తడబడుతుంది. కంగారు పడకుండా ఒక ఏడాది వదిలేయండి.

లాబియాటా పగలు చిన్నవై, రాత్రి పొడవు పెరిగినప్పుడు మొగ్గ వేసే మొక్క. రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైట్ కిందో, వీధి దీపం వెలుగులోనో వేలాడదీస్తే బల్బులు బలంగా వస్తాయి, మొగ్గను కప్పే తొడుగు కూడా వస్తుంది, మొగ్గ మాత్రం రాదు. ఎన్నేళ్లయినా పూయని లాబియాటా మీ దగ్గర ఉంటే ముందు ఈ సంగతి చూడండి.

వానాకాలంలో కుళ్లు

కాట్లియాలను మన దగ్గర ఎండ కన్నా ఎక్కువగా చంపేది జూలై, ఆగస్టు ముసురు. కొత్త మొలక మధ్యలో నీళ్లు నిలిచి, రాత్రికి రాత్రి నల్లగా మెత్తబడి, ఆ నలుపు పక్క బల్బులోకి పాకుతుంది. మొలక నల్లబడటం చూసిన రోజే పని చేయాలి, రేపటికి వాయిదా వేయకండి. మంట మీద కాల్చి చల్లార్చిన బ్లేడుతో, నలుపు దాటి తెల్లటి కండ కనిపించేదాకా కోసేయండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి. వేర్లకు మాత్రం తగలనీయకండి, అది వాటిని ఎండబెడుతుంది. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి పిచికారీ చేసి, వారం రోజులు వాన తగలని, గాలి ఆడే చోట వేలాడదీయండి. అసలు ముసురు పట్టకముందే పైన పారదర్శక షీటు కట్టుకుంటే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

బల్బ్ మీది ఎండిన పొరల కింద తెల్లటి పొలుసు పురుగు దాక్కుంటుంది. ఆ పొరలను నెలకోసారి నెమ్మదిగా ఒలిచి చూడండి. కనిపిస్తే పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి తుడిచి, సాయంత్రం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపి కొట్టండి.

కుండీ మార్చడానికి ఒకే అదను

కొత్త మొలక అడుగున పచ్చటి వేరు మొటిమలు బయటికి పొడుచుకు వచ్చినప్పుడే మార్చాలి. ముందు మార్చితే పాత వేర్లు చచ్చి, కొత్తవి రాక, మొక్క ఏడాది వెనక్కి పోతుంది. రెండాకుల రకాలకు ఇది మరీ ముఖ్యం. విడగొడితే ఒక్కో ముక్కకు కనీసం మూడు నాలుగు బల్బులు ఉంచండి. ప్రతి మొక్కకూ బ్లేడు మళ్లీ కాల్చండి. సింబిడియం మొజాయిక్ లాంటి వైరస్‌లు కత్తి ద్వారా ఒక మొక్క నుంచి ఇంకోదానికి పోతాయి, వాటికి మందు లేదు.

పువ్వు వచ్చాక: పేరు ఖాయం చేసుకోవడం

ముందు పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎక్కువ కాట్లియాలకు ఆకు మొదట్లో, బల్బ్ నెత్తిన ఒక తొడుగు వచ్చి అందులోంచి మొగ్గలు వస్తాయి. వాకెరియానా, నోబిలియర్ అలా కాదు. వాటికి అడుగున ఆకు లేని చిన్న పిలక వేరుగా వచ్చి, దాని కొసన పువ్వు పూస్తుంది. ఆ రెండింటినీ విడదీయాలంటే పువ్వు మధ్యలోకి చూడండి. మిగతా రేకులకు భిన్నంగా ఉండే ఒక రేకను పెదవి అంటారు, దానికి పక్కన రెండు చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. వాకెరియానాలో అవి పొట్టివి కాబట్టి మధ్యలోని వెడల్పాటి కాలమ్ (పువ్వు ఆడ, మగ భాగాలు కలిసిన కాడ) బయటికి కనిపిస్తుంది. నోబిలియర్‌లో అవి కాలమ్‌ను పూర్తిగా కప్పేసి, పెదవి మీద పసుపు మచ్చ ఉంటుంది. వాకెరియానాలో కొన్ని అరుదుగా ఆకున్న బల్బ్ మీదా పూస్తాయి, కాబట్టి ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకండి.

లాబియాటా, వార్నెరి పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. తొడుగును వెలుతురుకు పెట్టి చూడండి. లాబియాటాకు లోపల ఇంకో తొడుగు ఉంటుంది, వార్నెరికి మామూలుగా ఒకటే. ఇంకో గుర్తు కాలం. లాబియాటా బల్బ్ ముదిరాక కొన్ని వారాలు ఆగి శరదృతువులో పూస్తుంది. వార్నెరి అలా ఆగకుండా వేసవి వైపు పూస్తుంది.

లేలియా అని పిలిచే పర్పురాటాను లాబియాటా నుంచి వేరు చేయడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. వాడిపోబోతున్న పువ్వునే తీసుకోండి, ఎందుకంటే దీని తర్వాత పువ్వు త్వరగా వాలిపోతుంది. కాలమ్ కొసన చిన్న టోపీ ఉంటుంది. పుల్లతో దాన్ని కింద నుంచి పైకి ఎత్తితే పసుపు పుప్పొడి ముద్దలు అంటుకుని వస్తాయి. లెక్కపెట్టండి. లాబియాటాకు నాలుగు, పర్పురాటాకు ఎనిమిది. ఆవగింజంత ముద్దల్లో ఇంత తేడా దాగి ఉండటం మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రంగు రకాలు

జాతి తేలాకే రంగు పేరు. ఆల్బా అంటే ఎరుపు, ఊదా అసలు లేని తెలుపు, గొంతులో పసుపు మాత్రం ఉండవచ్చు. సెమీ-ఆల్బా అంటే మిగతా రేకులు తెలుపు, పెదవి రంగుది. సెరూలియా అంటే నీలి ఛాయ ఉన్న లేత ఊదా, ఆకాశ నీలం అనుకుని కొంటే నిరాశపడతారు. పర్పురాటాలో బ్రెజిల్ వాళ్లు పెట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. కార్నియా పెదవి మాంసపు గులాబి రంగు. వెర్క్‌హౌజెరి పెదవి పలక రంగు. స్ట్రియాటాకు రేకుల మీద గీతలు, ఫ్లామియాకు మంటలా రేకుల మీదికి పాకిన రంగు. రోషో-బిస్పో అంటే బిషప్ ఊదా, వాళ్ల వస్త్రాల రంగు. ఇంటర్మీడియాలో అక్వినీ అనే రకానికి పక్క రేకులు పెదవి రంగు పులుముకుని ఉంటాయి. రేకుల మీద రంగు చల్లినట్టుండే హైబ్రిడ్లలో చాలా వాటికి మూలం ఇదే.

ఆల్బా అని చిన్న మొక్క అమ్ముతుంటే కొత్త మొలక చూడండి. దాని అడుగున, తొడుగు మీద ఎరుపు, ఊదా జాడ ఉంటే అనుమానించాలి. ఆల్బా మొలక పూర్తిగా పచ్చగా ఉంటుంది. మొదటి పూత చూసి రంగునూ ఆకారాన్నీ ఖాయం చేయకండి. మొదటిసారి పువ్వు చిన్నగా వస్తుంది, వేడిలో విచ్చుకుంటే రంగు వెలిసిపోతుంది. రెండో మూడో పూతకు అసలు రూపం తెలుస్తుంది.

లేబుల్ పెన్సిల్‌తో రాయండి, మార్కర్ ఎండకు ఒక్క ఏడాదిలో వెలిసిపోతుంది. ఒకటి కుండీలో గుచ్చండి, ఇంకోటి కుండీ అడుగున పెంకుల మధ్య పెట్టండి. పక్షులు, పిల్లలు పైది పీకేసినా కిందది మిగులుతుంది. దాని మీద పేరు, తెచ్చిన తేదీ రాసి, ప్రతి ఏడాదీ మొదటి మొగ్గ కనిపించిన తేదీ కింద చేర్చుకుంటూ పోండి. పేరు మీద అనుమానం ఉంటే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. పుప్పొడి ముద్దలు లెక్కపెట్టిన రోజున దాన్ని చెరిపేయవచ్చు.